నీలమెక్కని పైపు

మా మేనమామ రాయమల్లుకు మనుషుల ముఖాల కన్నా మోటార్ సైకిళ్ళ పైపులే ఎక్కువ గుర్తుంటాయి. బజారులో ఎవరైనా ఎదురై నమస్తే పెడితే కాసేపు తెల్లమొహం వేసి, తర్వాత చూపు కిందికి దించి బండి పైపు చూసి, "ఆఁ, వంకాయ రంగు పటేలా! మంచిగున్నవా?" అంటాడు. లక్సెట్టిపేట తాలూకా మొత్తంలో ఆ రోజుల్లో ఉన్నవే ఐదారు ఫట్‌ఫటీలు కాబట్టి అదేమంత గొప్ప జ్ఞాపకశక్తి కాదు. కాకపోతే ఆ పటేలు పేరేమిటో మామకు ఇవాళ్టికీ తెలియదు.

మాది నస్పూర్. కమ్మరి పని. మామ చిన్నతనంలోనే అమ్మమ్మ పోతే, అప్పటికి పెళ్ళయిన మా అవ్వ, అంటే మా అమ్మ, లస్మవ్వ తమ్ముణ్ణి తనతో పాటే అత్తగారింటికి తెచ్చుకుంది. మా బాపు అతన్ని కొలిమి ముందు కూర్చోబెట్టి పని నేర్పాడు. ఇద్దరికీ తిత్తి ఊదింది అవ్వ. మామ పెద్దయ్యాక పెళ్ళి మాటే ఎత్తలేదు. ఎవరైనా అడిగితే "స్పేర్ పార్టులు దొరకయి, నాకొద్దు" అని నవ్వేసేవాడు.

కమ్మరివాడి చదువంతా రంగుల చదువు. ఇనుమును ఎర్రగా కాల్చి, నీళ్ళలో ముంచి తీసి, మళ్ళీ సెగ తగిలిస్తే దాని మీద రంగులు ఒకదాని వెనక ఒకటి వస్తాయి. ముందు ఎండు గడ్డి రంగు, తర్వాత రాగి, తర్వాత వంకాయ, ఆఖరుకు నీలం. రాయి కొట్టే ఉలిని గడ్డి రంగు దగ్గర ఆపాలి, గొడ్డలిని వంకాయ దగ్గర ఆపాలి. నీలం కూడా దాటిపోయిందంటే పదును పోయినట్టే, మళ్ళీ మొదటినుంచి మొదలుపెట్టాలి.

పోలీసు యాక్షన్ అయిన ఏడు మిలిటరీ వాళ్ళ మోటార్ సైకిల్ ఒకటి గొలుసు తెగి మా కొలిమి ముందు ఆగింది. మామ గొలుసుకు పిన్ను కొట్టి ఇచ్చాడు గానీ, చూపంతా పైపు మీదే ఉంది. ఇంజిన్‌లోంచి పొగ బయటికి వచ్చే వంపు దగ్గర గడ్డి, రాగి, వంకాయ, నీలం వరసగా పరుచుకుని ఉన్నాయి. "బావా, దీని కడుపుల గూడ కొలిమున్నది" అన్నాడట మా బాపుతో. వారం తిరక్కుండా కరీంనగర్ పోయి ఒక మోటార్ వర్క్‌షాపులో చేరిపోయాడు.

పైపు నీలమెక్కితే మిగతా మెకానిక్కులు ఇటుక పొడితో రుద్దేవాళ్ళు. మెరుపు వస్తుంది, వాన పడగానే తుప్పు కూడా వస్తుంది. మామ చేతికి అలాంటి బండి వస్తే పైపును ముట్టుకునేవాడే కాదు. "జరమొచ్చినోని నెత్తి తుడుస్తె జరం పోతదా?" అని ఇంజిన్ విప్పేవాడు.

పదేళ్ళకు లక్సెట్టిపేట వచ్చి సొంతంగా కొట్టు పెట్టుకున్నాడు. అటవీశాఖ కలప డిపో కంచెను ఆనుకుని నాలుగు చెక్కలు, రెండు రేకులు. కాగితం లేదు, పట్టా లేదు. పాత రేంజర్ సాబు "పెట్టుకో పోరా" అన్న మాట ఒక్కటే ఆధారం. ఆయన బదిలీ అయిపోయాడు. కొత్త రేంజరు వచ్చాడు, మోటార్ సైకిలు మీద వచ్చాడు. రెండు నెలల్లో దాని పైపు నీలమెక్కింది.

ఆయనకు ఆ బండి ప్రాణం. హైదరాబాదుకు రాయించి, మూడు నెలలు ఎదురుచూసి కొత్త పైపు తెప్పించుకున్నాడు. అద్దంలా మెరుస్తున్న దాన్ని మామ చేతిలో పెట్టి, "రాయమల్లూ, ఇది రెండోది. ఇది గూడ నీలమైతె తెల్లారి నీ డబ్బా ఈడ ఉండది. గీ జాగ డిపోది, యాదికుంచుకో" అన్నాడు. జీపెక్కి ఆసిఫాబాద్ క్యాంపుకు పోతూ శుక్రవారం వస్తానన్నాడు. ఇది అరవై అయిదు మే నెల సంగతి. శుక్రవారానికి ముందు గురువారం వచ్చింది. గురువారం నా పెళ్ళి.

మామ రెండు రోజులు బండితోనే కూర్చున్నాడు. రోగం ఒకటి కాదు, మూడు. కార్బొరేటర్ అతుకు దగ్గర ప్యాకింగు చిట్లి, పెట్రోలు తక్కువై గాలి ఎక్కువ పోతోంది. అలాంటి మంట మామూలు కంటే వేడిగా మండుతుంది. రెండోది, ఇంజిన్‌లో నిప్పురవ్వ ఆలస్యంగా పడుతోంది. దాంతో మంట లోపల ఆరకుండా పైపులోకి వచ్చి మండుతోంది. మూడోది, పైపు ఇంజిన్‌ను కలిసే చోట సందు. మామ రెండు అతుకుల దగ్గరా కొత్త ప్యాకింగు కత్తిరించి వేశాడు. సిగరెట్టు పెట్టెలోని పలచటి కాగితాన్ని, రవ్వ పుట్టించే పాయింట్ల మధ్య పెట్టి, అది ఏ క్షణాన జారి వస్తుందో చూసుకుంటూ నిప్పురవ్వ వేళ సరిచేశాడు. కార్బొరేటర్ సూదిని ఒక గాటు పైకి లేపి పెట్రోలు కాస్త పెంచాడు. ఆఖరున కొత్త పైపును పెట్రోలు గుడ్డతో తుడిచి, గుడ్డతోనే పట్టుకుని బిగించాడు. చేతి జిడ్డు వేలెడంత అంటినా, మొదటి వేడికే ఆ వేలిముద్ర కాలి పైపు మీద ఉండిపోతుందట. ఇక ఏం రుద్దినా పోదట.

మంగళవారం మా అవ్వ బస్సులో వచ్చి కొట్టు ముందు దిగింది.

"తమ్మీ, నీ అల్లుణ్ణి ఫట్‌ఫటి మీద ఊరేగియ్యాలె."

"ఎవలదక్కా ఫట్‌ఫటి?"

"గిదేంది మరి?"

"అది రేంజర్ సాబుది. నీకు దండం బెడ్త, దాని ఊసెత్తకు. మెల్లగ నడిపితె గాలి తాకదు, పైపు కాలుతది. ఊరేగింపంటె నడిషినంత మెల్లగ పోవాలె. అంతకంటె పాడు పని దానికి ఇంకోటి లేదు."

అవ్వ అక్కడే స్టూలు మీద కూర్చుంది. మా బాపు పోయి అప్పటికి తొమ్మిదేళ్ళు. ఆ తొమ్మిదేళ్ళలో ఆమె ఎవరినీ ఏదీ అడగ్గా నేను చూడలేదు. ఆ రోజు తమ్ముడితో అన్న మాటలు మామ నాకు మర్నాడే చెప్పాడు.

"పసుపు దంచేటప్పుడు దూరముండుమన్నరు. ఉన్న. పోరనికి నలుగు పెట్టేటప్పుడు లోపలికి పొమ్మన్నరు. పోయిన. బాసింగం కట్టేటప్పుడు ఎదురుంగ రావద్దన్నరు. కన్నకొడుకు పెండ్లిల నా చెయ్యి దేనికి తాకొద్దు తమ్మీ. ఫట్‌ఫటికి అయ్యగారు ఏ శాస్త్రం చెప్పలే గద? దాని మీద నేను పసుపు చెయ్యి పెడ్త. ఎవల్నడగ. ఎవలొద్దంటరో చూస్త."

ఈ పసుపు చెయ్యి సంగతి చెప్పాలి. మా ఇళ్ళలో కొత్త పనిముట్టు ఏది తయారైనా, అది గొడ్డలి కానీ నాగలి కర్రు కానీ, ఇంటి పెద్ద ఆడమనిషి నూనెలో పసుపు కలిపి అరచేతికి రాసుకుని దాని మీద ఐదు వేళ్ళ ముద్ర వేస్తుంది. అది పడ్డాకే పనిముట్టు గడప దాటుతుంది. బాపు ఉన్నన్నాళ్ళూ మా ఇంట్లో ఆ చెయ్యి అవ్వది. బాపు పోయిన మర్నాటి నుంచి మా చిన్నమ్మది. ఎవరూ ఏమీ అనలేదు, పసుపు గిన్నె చోటు మారింది అంతే.

మామ ఒప్పుకున్నాడు. ఒప్పుకోక ఏం చేస్తాడు? ఒకే ఒక్క మాట పెట్టాడు: "ఇప్పుడొద్దు, బయలెల్లేటప్పుడొద్దు. ఆడ దిగి, ఇంజన్ సల్లారినంక పెట్టు." ఎందుకో చెప్పలేదు. అదే అతని తప్పు. నూనె చెయ్యి వేడి పైపు మీద పడితే ముద్ర కాలిపోతుందని అప్పుడే చెప్పి ఉంటే సరిపోయేది. మెకానిక్కులు కారణాలు చెప్పరు. డాక్టర్లకూ వీళ్ళకూ ఇదొక్క పోలిక.

గురువారం పొద్దున ఆడపెళ్ళివారి ఊరి చివర బడిలో మా విడిది. అక్కణ్ణుంచి పెళ్ళికూతురు ఇంటికి మైలు దూరం. మామ ముందు కూర్చున్నాడు, నేను బాసింగంతో, చేతిలో నిమ్మకాయ గుచ్చిన కత్తితో వెనక ఎక్కాను. బండి కదిలే ముందు మామ మెడ తిప్పి రహస్యంగా చెప్పాడు.

"అల్లుడా, నాకు తొవ్వ చూసుడే సరిపోతది. పైపు నీకు మంచిగ కనవడ్తది. వంపు మీదనే కండ్లు పెట్టు. గడ్డి రంగు కనవడంగనే నా భుజం నొక్కు. రాగి రంగు దాక ఆగినవా, నా కొట్టు పోయినట్టే."

పెళ్ళికొడుకు అనేవాడు ఊరేగింపులో తలెత్తుకుని కూర్చుంటాడు. నేను తల కుడివైపు వాల్చి, బాసింగం కళ్ళ మీద పడుతుంటే పైకి నెట్టుకుంటూ, మైలు పొడుగునా పైపును చూస్తూ పోయాను. పిల్లగాడికి మెడ జబ్బేమో కనుక్కోండి అని పెళ్ళికూతురు వైపు ఎవరో అన్నారట కూడా.

డప్పులు మొదలయ్యాయి. పొద్దున పదింటికే రోడ్డు మీద ఎండ కణకణలాడుతోంది. మామ మొదటి గేరులో రెండు వందల అడుగులు నడిపేవాడు, ఇంజిన్ ఆపేవాడు, మా వాళ్ళు నెట్టేవాళ్ళు. మళ్ళీ నడిపేవాడు, మళ్ళీ ఆపేవాడు. మూడోసారి ఆపేసరికి పెళ్ళికూతురు పెద్దమ్మ పోశవ్వ అందుకుంది. గొంతు డప్పుల మీదినుంచి వినబడే గొంతు.

"ఫట్‌ఫటి ఫట్‌ఫటి అంటిరి, నూకుడు బండి తెస్తిరి! గింతకు మా ఎడ్లబండైనా నయముండె!"

జనం గొల్లుమన్నారు. అవ్వ వెనక ఆడవాళ్ళకు దూరంగా, రోడ్డు వారన నడుస్తోంది. కొంగు కింద చిన్న ఇత్తడి గిన్నె. అందులో ఏముందో నాకూ మామకూ తప్ప ఎవరికీ తెలియదు. పోశవ్వ మాటకు ఆమె ముఖం చిన్నబోవడం నేను చూశాను. మామ కూడా చూశాడు కాబోలు, ఇంజిన్ స్టార్టు చేశాడు. ఈసారి ఆపలేదు.

చావడి దాటాక పెళ్ళికూతురు చిన్నాన్న కొడుకు హనుమంతు ఎగిరి దూకుతూ వచ్చి, మామ చెయ్యి మీదుగా చెయ్యి వేసి యాక్సిలేటరు పూర్తిగా తిప్పేశాడు. బండి ఉన్నచోటే గర్జించింది. జనం ఈలలు వేశారు. నా పిక్కకు సెగ కొట్టింది. కిందికి చూస్తే వంపు మీద పసుపు చాయ! భుజం నొక్కడం కాదు, గోళ్ళు దించాను. మామ ఇంజిన్ ఆపి దిగాడు. అతని పెదాలు ఎండిపోయి ఉన్నాయి.

ఎవరో చెంబుతో నీళ్ళు పట్టుకుని "వొయ్యాల్నా, సల్లగైతది" అంటూ వంగాడు. మామ చెంబును అందుకుని గటగటా తనే తాగేశాడు. కాలే ఇంజిన్ మీద చన్నీళ్ళు పడితే పగులుతుందని అక్కడ అతనికొక్కడికే తెలుసు. తర్వాత పైపు పక్కన గొంతుక్కూర్చుని, తగలకుండా అరచెయ్యి అడ్డం పెట్టాడు. పసుపు చాయ మాయమైంది. చెయ్యి తీశాడు. మళ్ళీ వచ్చింది. నన్ను చూసి పళ్ళు కొరికాడు.

"అది నీ ధోవతి రంగుర అల్లుడా! పైపుల నీ పసుపు బట్టలే మెరుస్తున్నయి. నా పాణం దీసినవ్ గదర!"

అక్కణ్ణుంచి నా కళ్ళను నేనే నమ్మలేదు. ధోవతి అంచు ముడిచి తొడ కింద పెట్టుకుని చూశాను. ఇంకో రెండు వందల గజాలు. పెళ్ళికూతురు ఇంటి పందిరి కనబడుతోంది. పైపు తెల్లగా ఉంది. దాని మీద నుంచి ఎండలో వేడి గాలి ఆవిరిలా లేస్తోంది. ఇంకో యాభై గజాలు. మామ వెనక్కి తిరక్కుండానే "ఎట్లున్నది?" అన్నాడు. "తెల్లగనే ఉన్నది మామా" అన్నాను. అతని భుజాలు దిగాయి.

పందిరి ముందు ఆపి ఇంజిన్ కట్టేసిన మరుక్షణం వెనక జీపు హారను మోగింది.

తిర్యాణి వైపు అడవికి నిప్పంటుకుందట. రేంజరు క్యాంపు ఎత్తేసి ఒకరోజు ముందే ఈ దారిన తిరిగొస్తున్నాడు. జీపు దిగి, దుమ్ము కొట్టుకుపోయిన ముఖంతో, జనాన్ని తోసుకుని వచ్చాడు. డప్పులు వాటంతట అవే ఆగిపోయాయి. నేను ఇంకా బండి మీదే ఉన్నాను. దిగాలో వద్దో తెలియలేదు.

"రాయమల్లూ, గిదేంది?"

"పైపు పరీచ్ఛ చేస్తున్న సాబ్. మెల్లగ నడిపితెనే అసలు సంగతి తెలుస్తది. గాలి తాకకుంట గింత దూరం వచ్చి రంగు మారలేదంటె, ఇంక ఎన్నడు మారది."

"పరీచ్ఛకు పెండ్లికొడుకు గూడ కావాల్నా?"

మామ బండి దిగాడు. రేంజరు బూట్లు కిర్రుమనేలా పైపు పక్కన కూర్చున్నాడు. కళ్ళద్దాలు తీసి చొక్కాతో తుడుచుకుని పెట్టుకున్నాడు. పైపు మొదలు, వంపు, అతుకు, అన్నీ చూశాడు. వంద మంది ఊపిరి బిగబట్టి చూస్తున్నారు. పాపం వాళ్ళకు ఎందుకు చూస్తున్నారో కూడా తెలియదు. 

అప్పుడే మా అవ్వ వచ్చింది. బండి ఆగింది. మేము చేరాం. తమ్ముడు చెప్పిన వేళ ఇదే అనుకుంది. రేంజరెవరో, పైపెందుకు చూస్తున్నాడో ఆమెకు పట్టలేదు. ఇత్తడి గిన్నెలో ముంచిన అరచెయ్యి, పసుపు నూనె కారుతున్న అరచెయ్యి చాపుకుని తిన్నగా నా దగ్గరికి నడిచింది. ముఖంలో ఆనందం. మా బాపు పోయాక ఆ ముఖాన్ని నేను చూడటం అదే మొదటిసారి. బండి మొత్తంలో బాగా మెరిసేది పైపే కాబట్టి, చెయ్యి దానివైపే వంగింది.

"ముట్టకు!"

మామ అరిచిన అరుపుకు పందిరి మీది కాకులు లేచాయి. అరవడమే కాదు, ఎగిరి అవ్వ మణికట్టు పట్టుకున్నాడు. "నువ్వు ముట్టకక్కా, దూరం జరుగు!"

అంతే. పసుపు చుక్క ఒకటి నేల మీద పడింది. అవ్వ చెయ్యి గాలిలోనే ఆగిపోయింది. అప్పుడు పోశవ్వ, పక్కనున్న ఆడవాళ్ళతో, ఈసారి గొంతు తగ్గించి, మెచ్చుకోలుగా అంది:

"మంచి పని జేసిండు. తోడబుట్టినోడే చెప్పాలె. ముండమోసినామెకు గంత తెల్వొద్దా?"

చుట్టూ తలలు ఊగాయి. ఎవరో అవ్వ భుజం పట్టి మెల్లగా వెనక్కి జరిపారు. ఆమె ఎవరి వైపూ చూడలేదు, చెయ్యి కొంగులో దాచుకుని ఇంటి పక్క సందులోకి వెళ్ళిపోయింది. మామ నోరు తెరిచాడు. నూనె అనాలి, వేడి అనాలి, టాంకీ మీద పెట్టక్కా అనాలి. ఒక్క మాటా రాలేదు. ఎదురుగా రేంజరు లేచి నిలబడుతున్నాడు.

"మచ్చ లేదు" అన్నాడు రేంజరు, మోకాళ్ళు దులుపుకుంటూ. "పనోనివే. గనీ అడుగకుంట తీసినవు. పొద్దుగూకె వరకు బండి డిపోల ఉండాలె." జీపెక్కి వెళ్ళిపోయాడు. డప్పులు మళ్ళీ మొదలయ్యాయి.

పెళ్ళి అయింది. భోజనాలయ్యాక నేను చేతులు కడుక్కునే నెపంతో పెరట్లోకి పోయాను. అవ్వ గడ్డివాము నీడలో కూర్చుని ఉంది. ఎదురుగా మామ నేల మీద. నన్ను చూసి కూడా మాట ఆపలేదు.

"అది నూనె చెయ్యి అక్కా. పైపు కాలుతుండె. నీ చెయ్యి గూడ కాలుతుండె."

"తెల్సుర."

"కొట్టు పోతదని భయపడ్డ. నువ్వు ముండమోసినవని నేనెందుకంట? నేనట్లంటనా?"

"నువ్వనలేదుర. నువ్వు పైపుకు భయపడ్డవు. నాకు తెల్వదా నీ సంగతి? ఆళ్ళందరు మాత్రం నిన్ను మెచ్చుకున్నరు."

మామ ఏడ్చాడు. మోకాళ్ళ మీద తల పెట్టుకుని, వయసు మళ్ళుతున్న మనిషి, బాహాటంగా ఏడ్చాడు. తర్వాత లేచి ఆమె చెయ్యి పట్టుకున్నాడు. "రా అక్కా. ఇప్పుడు సల్లగున్నది. టాంకి మీద పెట్టు, లైటు మీద పెట్టు, గా పైపు మీదనే పెట్టు. కొట్టు పోతె పోనీ."

అవ్వ లేవలేదు.

"ఒద్దు తమ్మీ. ఇప్పుడు పెడితె నువ్వు పెట్టుమంటె పెట్టినట్టయితది. పొద్దుగాల నేను ఎవల్నడగకుంట పెడ్దామనుకున్న."

కొట్టు ఇప్పటికీ అక్కడే ఉంది. రేంజరు చెప్పగా విని మంచిర్యాల నుంచి కూడా బండ్లు వస్తున్నాయి. పైపు రంగు మారకుండా ఏం చేయాలని అడిగితే మామ ప్యాకింగు గురించి, నిప్పురవ్వ వేళ గురించి, జిడ్డు గురించి ఇప్పుడు ఓపిగ్గా ప్రతి కారణమూ చెబుతాడు. అవ్వ ఎప్పటిలాగే పండక్కి అతనికి పిండివంటలు పంపుతుంది. ఇద్దరి మధ్యా పైకి ఏ తేడా లేదు.

నా సంగతి ఒకటి మిగిలింది. మామ ఎగిరి అవ్వ చెయ్యి పట్టుకున్నప్పుడు నేను ఆమెకు జానెడు దూరంలో, బండి మీద ఉన్నాను. ఆ క్షణంలో నేను అవ్వ ముఖం చూడలేదు. కిందికి, పైపు వైపు చూశాను. తెల్లగానే ఉంది. హమ్మయ్య అనుకున్నాను. ఈ మాట మామకూ చెప్పలేదు, అవ్వకూ చెప్పలేదు.